ఒక్క పేషెంటునైనా చివరిదాకా చూడనివ్వండి

ఫిజియోథెరపీ కోర్సుకు టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు, క్లినికల్ పోస్టింగులు చూసుకునే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నేను ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ ఉత్తరంలో కొంత ఫిర్యాదు ఉంది, ఎక్కువ భాగం విన్నపం. మీలో చాలామంది మాకు ఎంతో ఓపిగ్గా నేర్పారు, ఆ సంగతి మర్చిపోయి రాయడం లేదు. కానీ ఒక్క విషయం నన్ను రెండేళ్లుగా తినేస్తోంది. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పి వచ్చేసేది కాదు కాబట్టి ఇలా అందరూ చదివేలా రాస్తున్నా.

విషయం ఇది. మేం చేసే వైద్యం నెలల తరబడి సాగేది. మీరు మాకు ఇచ్చే పోస్టింగు నాలుగు వారాలు. అందుకే ఇన్నేళ్లు చదివినా, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పూర్తిగా చూసిన పేషెంటు మాలో చాలామందికి ఒక్కరు కూడా లేరు.

మొదటి సంవత్సరం గుర్తు తెచ్చుకుంటే నాకు ఇప్పటికీ కళ్లముందు కనపడేది హాస్టల్ గది గోడకు అంటించిన బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మ, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక. వెన్నుపాములోంచి బయటికొచ్చే ఐదు వేర్లు, సి5 నుంచి టి1 దాకా, అవి కలిసి మూడు ట్రంకులు, అక్కడ్నుంచి చీలికలు, కార్డులు, చివరికి చేతిలోకి వెళ్లే నరాలు. కళ్లు మూసుకుని గీయగలిగేదాకా గీశాం. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, దానికి ఏ నరం వెళ్తుంది, అది ఏం పని చేస్తుంది అని తెల్లవార్లూ అప్పజెప్పుకున్నాం. అదంతా అవసరమే. ఆ బొమ్మ రాకపోతే ఇప్పుడు నేను రాయబోయే పేషెంటు చెయ్యి ఎందుకు వాలిపోయిందో కూడా నాకు అర్థమయ్యేది కాదు.

రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఒకరి మీద ఒకరం నేర్చుకున్నాం. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే గోనియోమీటర్ పెట్టి క్లాస్‌మేట్ మోకాలు కొలిస్తే 135 డిగ్రీలు హాయిగా వంగేది. భుజం 180 దాకా లేచేది. జాయింటును చివరిదాకా వంచినప్పుడు మన చేతికి తగిలే ఆ ఆఖరి స్పర్శని ఎండ్ ఫీల్ అంటారు కదా, అది మెత్తగా ఆగిందా, గట్టిగా ఆగిందా, సాగి ఆగిందా అన్నదాన్ని బట్టి లోపల ఏం అడ్డుపడుతోందో తెలుస్తుందని పుస్తకంలో చదివాం. ఇరవయ్యేళ్ల వాళ్ల ఆరోగ్యమైన మోకాళ్లు ఎన్ని ఒత్తినా ఒకే రకంగా ఆగుతాయి. బిగుసుకుపోయిన మోకాలు చేతికి ఎలా తగులుతుందో పోస్టింగుల్లోనే తెలుస్తుందిలే అని ఎదురుచూశాం.

పోస్టింగులు వచ్చాయి. ఆర్థో నాలుగు వారాలు, న్యూరో నాలుగు వారాలు, కార్డియో, పీడియాట్రిక్స్, మళ్లీ ఆర్థో. మొదటి వారం ఎవరు ఎవరో, కేస్ షీట్లు ఎక్కడుంటాయో తెలుసుకునేసరికే అయిపోతుంది. రెండో వారం, మూడో వారం పని చేస్తాం. నాలుగో వారం కేస్ ప్రెజెంటేషన్ టెన్షన్. ఆ తర్వాత సోమవారం ఇంకో వార్డు.

ఒక ఆర్థో పోస్టింగులో ఒకాయన వచ్చారు, టైలరు. పై చేతి ఎముక మధ్యలో విరిగి, ఆ ఎముకను చుట్టుకుంటూ వెళ్లే రేడియల్ నరం దెబ్బతింది. మోచెయ్యి చాపగలుగుతున్నారు, ఎందుకంటే ఆ కండరానికి వెళ్లే కొమ్మలు పైనే చీలిపోతాయి. మణికట్టు మాత్రం లేవదు. అరచెయ్యి నేలవైపు పెట్టి చెయ్యి ముందుకు చాపమంటే మణికట్టు దగ్గర్నుంచి వేళ్లదాకా కిందికి వేలాడిపోతుంది. నేను ఆయన మోచేతికి కింద, ముంజేతి వెనకవైపు రెండు వేళ్లు ఆనించి "పైకి ఎత్తండి, ఎత్తడానికి ప్రయత్నించండి" అంటుంటే, ఆయన ముఖం ఎర్రబడేలా ప్రయత్నించేవారు. నా వేళ్ల కింద ఏమీ కదిలేది కాదు. కేస్ షీట్లో మజిల్ పవర్ సున్నా అని రాసేదాన్ని.

ఆయన రోజూ ఒకటే అడిగేవారు. "కత్తెర పట్టుకోగలనా అమ్మా?" వేళ్లు మూయడానికి వేరే నరాలు ఉన్నాయి, అవి బాగానే ఉన్నాయి, కానీ మణికట్టు నిలబడకపోతే పట్టు రాదు. ఇది ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన మణికట్టును నేను నా చేత్తో పైకి పట్టి ఉంచి, ఇప్పుడు గుప్పిట మూయండి అన్నాను. గట్టిగా మూశారు. వదిలేసి మళ్లీ మూయమన్నాను. పట్టు జారిపోయింది. "అందుకా ఈ పట్టీ?" అన్నారు. అప్పటిదాకా చిరాగ్గా విప్పి పక్కన పడేస్తున్న స్ప్లింట్‌ను ఆ రోజు నుంచి తీయలేదు. నేను ఈ కోర్సులో సొంతంగా కనిపెట్టుకుని చెప్పిన మొదటి మాట అదేనేమో, ఇప్పటికీ తల్చుకుంటే సంతోషంగా ఉంటుంది.

నరం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నా. నరం దెబ్బతినడంలో మూడు రకాలున్నాయని సెడ్డన్ 1943లో విడదీసి చెప్పారు. నరం నొక్కుకుని పని ఆగిపోవడం ఒకటి, అది వారాల్లోనే తిరిగి రావచ్చు. పై తొడుగు నిలిచి లోపలి తీగలు తెగడం రెండోది. నరం మొత్తంగా తెగిపోవడం మూడోది. రెండో రకమైతే తెగిన తీగ మళ్లీ పెరగాలి. అది సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నెలకు మూడు సెంటీమీటర్లు. దెబ్బ తగిలిన చోటు నుంచి కండరం పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే మూడు నెలలు దాటాల్సిందే, అప్పటిదాకా పైకి ఏ మార్పూ కనిపించదు. నా పోస్టింగు మొత్తం కలిపితే ఆ నరం పెరిగేది మూడు సెంటీమీటర్ల లోపు.

పోస్టింగు చివరి రోజున మా సూపర్‌వైజర్ సార్ నన్ను పిలిచి ఒకటి చూపించారు. నరం వెళ్లే దారి వెంబడి కింద నుంచి పైకి వేలితో మెల్లగా తట్టుకుంటూ పోతుంటే ఒక చోట ఆ టైలరుకు వేళ్ల వైపు జివ్వుమంది. తీగల కొనలు అక్కడిదాకా వచ్చాయన్న గుర్తు అది, టినెల్ సైన్. సార్ అక్కడ పెన్నుతో చుక్క పెట్టమన్నారు. మోచేతి పక్కన తగిలే ఎముక బొడిపె నుంచి ఆ చుక్కకు టేపుతో దూరం కొలిచి కేస్ షీట్లో రాయమన్నారు. "నెల తర్వాత మళ్లీ తట్టి చూడాలి, కిందికి జరిగిందంటే నరం నడుస్తున్నట్టు" అన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. కంటికి కనపడనిదాన్ని ఒక వేలు, ఒక పెన్ను, ఒక టేపుతో కొలవొచ్చని ఆ క్షణం దాకా నాకు నిజంగా తెలీదు.

సోమవారం నేను పీడియాట్రిక్స్‌కు వెళ్లిపోయాను.

నెల తర్వాత మధ్యాహ్నం భోజనం వేళలో పరిగెత్తుకుంటూ ఆర్థో ఓపీకి వెళ్లా. ఆయన రోజులు మారాయట, పొద్దున వస్తున్నారట. కేస్ షీట్ అడిగితే పోస్టింగులో లేనివాళ్లకు ఇవ్వకూడదన్నారు. రూలు అర్థం చేసుకోగలను, పేషెంటు వివరాలు ఎవరు పడితే వాళ్లు చూడకూడదు. ఆ బ్యాచ్‌లో ఉన్న జూనియర్‌ని అడిగితే "అక్కా, ఆయనకు సేమ్ ట్రీట్‌మెంట్ కంటిన్యూ అని రాసి ఉంది, అదే చేస్తున్నా" అంది. చుక్క సంగతి అడిగా. ఏ చుక్క అక్కా అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. నేను ఆమెకు ఏమీ అప్పగించలేదు, అప్పగించే ఏర్పాటే మా దగ్గర లేదు. శనివారం నేను వెళ్లిపోయాను, సోమవారం ఆమె వచ్చింది, మధ్యలో ఆదివారం ఉంది.

పేషెంట్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ప్రతి నాలుగు వారాలకూ కొత్త ముఖం వచ్చి "నొప్పి ఎప్పట్నుంచి? ఎక్కడ? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా?" అని మొదటికొస్తుంది. న్యూరోలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన భార్య నాతో "మీ ముందున్న అమ్మాయికి ఇదంతా చెప్పానమ్మా, రాసుకోలేదా?" అని అడిగింది. కోపంగా కూడా కాదు, అలసిపోయి అడిగింది. ఆయన్ని మంచం మీద నుంచి లేపేటప్పుడు చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం జారుతుంది అని ఆవిడే నాకు గుర్తు చేసింది. మా ముందు బ్యాచ్ వాళ్లు ఆవిడకు బాగా నేర్పారు. ఆ నేర్పినవాళ్లకు తమ మాట అంత బాగా పనిచేసిందని ఎప్పటికీ తెలీదు.

ఈ కోర్సులో మేం చూసేవాటికి అసలు ఎంత టైమ్ పడుతుందో ఒక్కసారి తలచుకోండి. మోకాలి లోపలి లిగమెంట్, ఏసీఎల్, తెగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను కనీసం 9 నెలలు గడవకుండా ఆటలోకి పంపొద్దని చెప్తాం. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఏడాది నుంచి మూడేళ్లదాకా నడుస్తుంది. పక్షవాతంలో వేగంగా కోలుకునేది మొదటి మూడు నెలలు, ఆ తర్వాత కూడా నెమ్మదిగా మెరుగుపడుతూనే ఉంటారు. మడమ వెనక టెండన్ నొప్పికి 1998లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం చెప్పిన మడమ దించే ఎక్సర్‌సైజు రోజుకు 180 సార్లు, 12 వారాలు. కండరం బలం సంగతే తీసుకోండి, మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా మెదడు, నరాలు ఆ కండరాన్ని వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వచ్చేది, కండరం మందం పెరగడం ఆ తర్వాత సంగతి. అంటే నాలుగు వారాల పోస్టింగులో మేం ఏ కండరమూ పెరగడం చూడం. పరీక్షలో మాత్రం పెరుగుతుందని రాస్తాం.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట చెప్తాను. ఈ పద్ధతి వల్ల మేం మిషన్లను నమ్మడం అలవాటు చేసుకుంటున్నాం.

ఎలాగంటారా, పేషెంటు వస్తూనే "కరెంటు పెట్టరా అమ్మా?" అని అడుగుతారు. ఐఎఫ్‌టీయో టెన్సో, అంటే నొప్పి ఉన్న చోట చర్మం మీంచి కరెంటు పంపే మిషన్, పెట్టి పావుగంట పడుకోబెడితే లేచేటప్పటికి "హాయిగా ఉంది" అంటారు. అది అబద్ధం కాదు, చర్మం నుంచి వెళ్లే ఆ కరెంటు సంకేతాలు నొప్పి సంకేతాలకు వెన్నుపాములో అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతంతో మనం దాన్ని వివరిస్తాం. ఆ హాయి ఎక్కువసేపు ఉండదన్నది కూడా మనకు తెలుసు. కానీ విద్యార్థికి ఆ రోజే, ఆ గంటలోనే కళ్లముందు కనిపించే ఫలితం అదొక్కటే. పన్నెండు వారాలు ఎక్సర్‌సైజు చేయించి నడుము నొప్పి తగ్గించిన పేషెంటును చూసే అవకాశం లేనప్పుడు, ఇరవయ్యేళ్ల అమ్మాయో అబ్బాయో ఎక్సర్‌సైజు పనిచేస్తుందని దేన్ని చూసి నమ్మాలి? పుస్తకం చూసి నమ్ముతాం, నోటితో చెప్తాం, చేతులు మాత్రం మిషన్ వైపు వెళ్తాయి. తర్వాత మీరే క్లాసులో "ఈ తరం వాళ్లు మిషన్ల మీద ఆధారపడుతున్నారు" అంటారు. సార్, ఎక్సర్‌సైజు పనిచేయడం మాకు చూపించలేదు.

నాకు మాత్రం ఒక్కసారి చూసే అదృష్టం దొరికింది. పోయిన ఏడాది పరీక్షల తేదీలు మారి పోస్టింగులు తారుమారై, నేను ఒకే ఆర్థో ఓపీలో పదకొండు వారాలు ఉండిపోయాను. పొరపాటున జరిగింది, ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆ పదకొండు వారాలూ ఒక టీచరమ్మకు నేనే ఫిజియో. మోకాలి చిప్ప విరిగి వైరు వేసి ఆపరేషన్ చేశారు, మొదటిరోజు మోకాలు 40 డిగ్రీలకు మించి వంగలేదు.

నేను ఆవిడకు ఎనిమిది ఎక్సర్‌సైజులు రాసిచ్చాను. బొమ్మలు కూడా వేసిచ్చాను. వచ్చిన ప్రతిసారీ "చేస్తున్నారా?" అంటే "చేస్తున్నా" అనేవారు. మామూలు పోస్టింగైతే నాలుగో వారం అక్కడితో అయిపోయేది, పేషెంట్ సహకారం బాగుంది అని ప్రెజెంటేషన్‌లో చెప్పేదాన్ని, మార్కులు కూడా పడేవి. ఐదో వారం ఎందుకో "ఇంట్లో ఎలా చేస్తారో ఒకసారి చేసి చూపించండి మేడమ్" అన్నాను. మూడు మాత్రమే చూపించగలిగారు. అందులో ఒకటి తప్పు. ఆవిడ తలవంచుకుని "ఎనిమిదీ చేసే టైమ్ ఎక్కడుందమ్మా, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నారు. తన ఆరోగ్యం బాగు చేయించుకోవడానికి వచ్చినావిడ నా మనసు చూసుకుంటూ కూర్చున్నారు! ఆ రోజు ఎనిమిదింటినీ రెండు చేశాను. తొడ కండరం బిగించి పట్టడం ఒకటి, మడమను మంచం మీద జరుపుకుంటూ మోకాలు వంచడం రెండోది. పొద్దున లేవగానే మంచం దిగకముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. అవి చేశారు. నిజంగా చేశారు, ఎందుకంటే తర్వాతి వారం చూపించమంటే చెయ్యి తడబడకుండా చూపించారు.

ఆరో వారంలో ఇంకొకటి బయటపడింది. నేను కేస్ షీట్లో 85 డిగ్రీలు అని రాశాను. సార్ వచ్చి కొలిస్తే 74. మళ్లీ నేను కొలిచా, 85. మళ్లీ సార్, 74. అప్పుడు సార్ నా చెయ్యి ఎక్కడ పెడుతున్నానో చూశారు. గోనియోమీటర్ పై కాడను తుంటి పక్క ఎముక బొడిపె వైపు పట్టాలి, ఆ బొడిపెను వేలితో తడిమి వెతుక్కోవాలి. నేను తడమకుండా, కంటితో తొడ అంచు చూసి పట్టేస్తున్నాను. పదకొండు డిగ్రీల తప్పు! అప్పటికి నేను ఎన్ని మోకాళ్లు కొలిచి ఉంటాను, ఎన్ని కేస్ షీట్లలో నా అంకెలున్నాయి అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు వారాలకొకసారి వార్డు మారినన్నాళ్లూ ఆ తప్పు దొరకలేదు, ఎందుకంటే నా తర్వాత వచ్చినవాళ్లు కొత్తగా కొలిచి కొత్త అంకె వేసుకునేవాళ్లు, తేడా వస్తే పేషెంటు సరిగ్గా చేయడం లేదని రాసేవాళ్లు.

మర్నాడు ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అయితే నిజంగా వంగుతోందా లేదా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇద్దరం కూర్చుని ఆ రోజు నుంచి రెండు రకాలుగా కొలవడం మొదలుపెట్టాం, సరిగ్గా పట్టిన గోనియోమీటర్‌తో ఒకటి, మడమ నుంచి పిరుదుకు టేపుతో ఎంత దూరం ఉందో ఇంకొకటి. టేపు కొలత ఆవిడే ఇంట్లో తీసి రాసుకొచ్చేవారు. పదకొండో వారం 104 డిగ్రీలు వచ్చింది. ఆ అంకె కంటే నాకు గుర్తుండేది మెట్లు. మొదట్లో నేనే నేర్పాను, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ కలపాలి అని. మామూలుగా మెట్లు దిగడానికి మోకాలు దాదాపు 90 డిగ్రీలు వంగాలి. చివరి రోజు ఆవిడ రెయిలింగ్ మీద చెయ్యి ఊరికే ఆనించి, మెట్టుకొక కాలు చొప్పున, మామూలు మనిషిలా దిగి, కింద నిలబడి వెనక్కి తిరిగి నన్ను చూశారు.

పరీక్షలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన ఐసీఎఫ్ (జబ్బు వల్ల మనిషి జీవితంలో ఏం ఆగిపోయిందో చూసే వర్గీకరణ) గురించి పది మార్కుల ప్రశ్న వస్తుంది. శరీర భాగాల స్థాయి, పనులు చేసుకునే స్థాయి, నలుగురిలో పాలుపంచుకునే స్థాయి అని బాణాలు గీసి రాస్తాం. ఆ బొమ్మలో మూడో గడి ఏంటో నాకు ఆ మెట్ల దగ్గర అర్థమైంది. ఆవిడ క్లాసులు మేడ మీద. మెట్లు దిగలేకపోతే ఆవిడకు ఉద్యోగం లేదు. నా కేస్ షీట్లో ఎన్నిసార్లు డిగ్రీలు రాసినా ఆ విషయం నేను తొమ్మిదో వారం దాకా అడగలేదు.

అందుకే అడుగుతున్నా. చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థికీ ఒక పేషెంటును, వాళ్లు ఒప్పుకుంటేనే, మొదటి పరీక్ష రోజు నుంచి డిశ్చార్జి దాకా లేదా ఏడాది పూర్తయ్యేదాకా అప్పగించండి. పోస్టింగ్ ఎక్కడున్నా సరే, వారానికి ఒక్క గంట ఆ పేషెంటు దగ్గరికి వెళ్లే వీలు టైమ్‌టేబుల్లోనే రాయండి. వైద్యం బాధ్యత ఇప్పుడు ఎవరిదో వాళ్లదే ఉంటుంది, మేం వాళ్ల కింద పనిచేస్తాం. ఆ ఒక్కరి కేస్ షీట్ చూసే హక్కు మాకు ఉండేలా రాతపూర్వకంగా పేషెంటు దగ్గరే అనుమతి తీసుకుంటాం. మార్కులు కావాలంటే, ఇప్పుడున్న కేస్ ప్రెజెంటేషన్లలో ఒకటి తీసేసి దాని బదులు దీన్ని పెట్టండి. అందులో మేం ఏం చేయబోతామో అడగొద్దు. ఏం చేశాం, ఏం పనిచేయలేదు, ఎప్పుడు మార్చాం, చివరికి ఏమైంది అని అడగండి. ఫలితం బాగోలేదని మార్కులు కోయకండి, అలా చేస్తే అందరం బాగైపోయినట్టే రాస్తాం.

ఇది ఈ ఏడాది కుదరదంటే, కనీసం పోస్టింగ్ మారే రోజున పాతవాళ్లు, కొత్తవాళ్లు, పేషెంటు ముగ్గురూ పది నిమిషాలు ఒకచోట నిలబడే ఏర్పాటు చేయండి. నేను పెట్టిన చుక్కను జూనియర్‌కు వేలితో చూపించడానికి నాకు పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

మీరు ఏమంటారో కొంత ఊహించగలను. అన్ని విభాగాలూ తిరగకపోతే డిగ్రీకి కావాల్సిన గంటలు పూర్తి కావు అంటారు. తిరుగుతాం, తిరగడం మానతామని ఎవరూ అనలేదు, వారానికి ఒక గంటే అడుగుతున్నాం. స్టాఫ్ తక్కువ అంటారు, అది నిజం, ఒక్కో సార్ ఎంతమంది పేషెంట్లను చూస్తున్నారో రోజూ చూస్తున్నాం. అందుకే కొత్తగా ఎవరి టైమూ అడగలేదు. పేషెంట్లు మధ్యలో మానేస్తారు అంటారు. మానేస్తారు, చాలామంది మానేస్తారు. నొప్పి తగ్గిందని కొందరు, తగ్గలేదని కొందరు, తీసుకొచ్చేవాళ్లు లేక కొందరు. ఎవరు ఎందుకు మానేశారో ఇప్పుడు మాకు తెలిసే దారే లేదు, మేమే వాళ్లకంటే ముందు వెళ్లిపోతున్నాం. నా పేషెంటు మానేస్తే ఫోన్ చేసి ఎందుకని అడుగుతా. ఆ జవాబు నాకు ఏ టెక్స్ట్‌బుక్కులోనూ దొరకదు.

వచ్చే టర్మ్ టైమ్‌టేబుల్ ఇంకా నోటీస్ బోర్డులో పెట్టలేదని తెలిసింది. పెట్టేముందు మా బ్యాచ్‌లో ఇద్దరినైనా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ రోజు ఏ గంట ఖాళీ ఉంటుందో మేం ఇప్పటికే లెక్క వేసి పెట్టాం, కాగితం తెస్తాం.

కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా గ్రేడ్ చేస్తాం కదా. సున్నాకూ ఒకటికీ తేడా వేలి కింద తగిలే చిన్న అదురు మాత్రమే, కీలు కదలదు, కంటికి సరిగ్గా కనపడను కూడా కనపడదు. ఆ టైలరు ముంజేతి మీద నాలుగు వారాలు వేళ్లు ఆనించి దాని కోసమే ఎదురుచూశాను. అది ఏ రోజు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, వస్తే ఎవరి వేలికి తగిలిందో, తగిలినవాళ్లు అదేంటో గుర్తుపట్టి ఆయనకు చెప్పారో లేదో నాకు తెలీదు. ఆ ఓపీ వైపు వెళ్లినప్పుడల్లా బెంచీల మీద వెతుకుతూనే ఉన్నాను.

ఇట్లు,
చివరి సంవత్సరం ఫిజియోథెరపీ విద్యార్థిని